వడ్డించేవారిలో భేదాలు: పక్షపాతాన్ని కొలవటం ఎట్లా?

హోటలులో మన బల్ల దగ్గరకు వచ్చి, ఏమి కావాలో అడిగి, తెచ్చి ఇచ్చే మనిషిని మనం సర్వరు అంటాము. ఆ పనికి ఏ శక్తులు కావాలని అడిగితే ఎవరైనా ఇట్టే చెప్పగలరు. ఎవరు ఏమి అడిగారో జ్ఞాపకం పెట్టుకోవాలి. వేడి పదార్థాన్ని ఒలకకుండా మోయాలి. గంటల తరబడి నిలబడాలి. విసుగు పైకి కనబడనీయకుండా మాట్లాడాలి. చివరకు బిల్లు సరిగా చెప్పాలి. ఈ జాబితాలో ఒంటి రంగు ఎక్కడా లేదు. స్త్రీ అనిగాని, పురుషుడు అనిగాని లేదు. అయినా ఏ హోటలులో ఎవరు వడ్డించాలి అనే విషయం చాలా దేశాలలో ఒంటి రంగును బట్టీ, స్త్రీపురుష భేదాన్ని బట్టీ నిర్ణయమవుతూ వచ్చినది.

ఎందుకిట్లా అని అడిగితే, "మాకు పక్షపాతమేమీ లేదు; ఆ పనికి వారే తగినవారు" అనే జవాబు వస్తుంది. ఆ జవాబు నిజమా, కాదా? తేల్చటం ఎట్లా? పక్షపాతం ఉష్ణమాపకం పెట్టి చూసే జ్వరం వంటిది కాదు గదా! అయినా దానిని కొలవవచ్చునని అమెరికాలోని సామాజిక శాస్త్రజ్ఞులు, ఆర్థిక శాస్త్రజ్ఞులు గత కొన్ని దశాబ్దాలలో చూపించారు. అందుకు రెస్టారెంటు వారికి మంచి ప్రయోగశాల అయినది. అక్కడ సర్వరు రాబడిలో పెద్ద భాగం భోక్తలు ఇచ్చే టిప్పు. మనసులోని మొగ్గు డబ్బు రూపంలో బల్ల మీదికి వస్తుంది. డబ్బును లెక్క పెట్టవచ్చు.

తగినవారు మారుతూ వచ్చారు

ముందు కొంచెం చరిత్ర చూద్దాము. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసి, బానిసత్వం రద్దయినది. ఆ తరువాత జార్జి పుల్మన్ అనే వ్యాపారి, రాత్రి ప్రయాణాలకు పడకలు అమర్చిన తన రైలు పెట్టెలలో పనికి పూర్వపు బానిసలను, వారి సంతతివారిని పెద్ద సంఖ్యలో చేర్చుకున్నాడు. పక్కలు పరచటం, సామాను మోయటం, పిలిచినప్పుడు పలకటం వారి పని. రైళ్ళలోని భోజనపు పెట్టెలలో వడ్డించేవారూ ఎక్కువగా నల్లజాతి పురుషులే. జీతం కొద్ది, టిప్పు మీదనే బ్రతుకు. చాలామంది ప్రయాణికులు వారి పేరు అడిగేవారు కాదు. కంపెనీ యజమాని పేరు పెట్టి అందరినీ "జార్జి" అనే పిలిచేవారు. ఈ పోర్టర్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘంగా ఏర్పడి, 12 ఏండ్లు పోరాడి, 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. ఆ రోజులలో తెల్లవారిలో చాలామందికి, ప్రయాణికుల సేవకు నల్లజాతి పురుషుడే సహజంగా తగినవాడు అని తోచేది.

ఆ కాలంలోనే పడమటి అమెరికాలో మరొక రైలుమార్గం పక్కన వేరొక ఏర్పాటు వచ్చినది. ఫ్రెడ్ హార్వీ అనే ఆయన శాంటాఫే రైలుమార్గం వెంబడి భోజనశాలలు నడిపేవాడు. 1883లో న్యూమెక్సికోలోని రాటన్ స్టేషనులో ఆయన నల్లజాతి పురుష సర్వర్లను తొలగించి, వారి స్థానంలో పెండ్లికాని తెల్లజాతి యువతులను పెట్టాడు. తరువాత తన భోజనశాలలన్నిటికీ ఈ పద్ధతినే విస్తరింపజేశాడు. 18 మొదలు 30 ఏండ్ల వరకు వయస్సున్న యువతులు కావాలని పత్రికలలో ప్రకటనలు వేసేవారు. వారు కంపెనీ ఇచ్చిన వసతిగృహంలోనే ఉండాలి. రాత్రి నిర్ణీత వేళకు లోపలికి చేరాలి. "హార్వీ గర్ల్స్" అనే పేరుతో వారు ప్రసిద్ధులయ్యారు. ఇప్పుడిక ప్రయాణికులకు, వడ్డనకు సహజంగా తగినవారు ఈ యువతులే అని తోచినది.

మూడవ ఉదాహరణ మిచిగన్ రాష్ట్రానిది. అక్కడ పెద్ద పట్టణాలలోని బార్లలో స్త్రీలు మద్యం కలిపి ఇచ్చే పని చేయరాదని ఒక చట్టం ఉండేది. బారు యజమాని మగవాడైతే అతని భార్యకు, కూతురుకు మాత్రం మినహాయింపు. అమెరికా సుప్రీంకోర్టు 1948లో ఈ చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పినది. అదే స్త్రీ బల్లల మధ్య తిరుగుతూ మద్యం అందించవచ్చును. ఎక్కువ డబ్బు వచ్చే కౌంటరు వెనుక మాత్రం నిలబడరాదు!

ఈ మూడు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి చూడండి. "సహజంగా తగినవారు" ఒక రైలుమార్గంలో ఒకరు, మరొక మార్గంలో మరొకరు. బల్ల దగ్గర ఒకరు, కౌంటరు వెనుక మరొకరు. ప్రకృతి నియమం అయితే స్టేషను మారగానే మారదు. ఇది అలవాటు చేసిన పని అని మనకు అనుమానం కలుగుతుంది. కాని అనుమానం రుజువు కాదు.

వంటగది గడప దగ్గర

హోటలును శాస్త్రీయంగా పరిశీలించిన తొలి వారిలో విలియం ఫుట్ వైట్ ఒకరు. ఆయనా, ఆయన సహచరులూ 1940లలో షికాగో నగరంలోని రెస్టారెంట్లలో పరిశోధన చేశారు; 1948లో ఆయన దానిపై గ్రంథం ప్రకటించారు. అక్కడ వడ్డించేవారు ఎక్కువగా స్త్రీలు, వండేవారు ఎక్కువగా పురుషులు. రద్దీ వేళలో సర్వరు పనివారి మీద ఒత్తిడి ఎంత ఉండేదంటే, వారు కన్నీళ్ళు పెట్టుకోవటం కూడా మామూలే. ఏ పరిస్థితులలో ఈ కన్నీళ్ళు వస్తాయి అన్నది వైట్ పరిశోధించిన ప్రశ్నలలో ఒకటి.

ఆయన గమనించిన ఒక కారణం చాలా ఆసక్తికరమైనది. హోటలులో పని సర్వరు నోటి నుండి మొదలవుతుంది. "అది తొందరగా కావాలి" అని సర్వరు చెబితేనే వంటవాడు కదలాలి. కాని హోదాలోను, జీతంలోను వంటవాడు పైన, సర్వరు కింద. అందులోనూ చెప్పేది స్త్రీ, వినవలసినవాడు పురుషుడు. ఆనాటి సంఘంలో ఇది తలక్రిందుల వ్యవహారం. అందుచేత వంటవాడు విననట్లు నటించటం, ఆలస్యం చేయటం, ఎదురు తిట్టటం జరిగేవి.

దీనికి విరుగుడు ఒక ఇనుప చువ్వ! సర్వరు కావలసినవి చీటీ మీద రాసి, వంటగది కిటికీ దగ్గర నిలబెట్టిన చువ్వకు గుచ్చి వెళ్ళిపోతుంది. వంటవాడు చీటీలను తన వీలు ప్రకారం వరుసగా తీసుకుంటాడు. ఇప్పుడు అతనికి ఆజ్ఞ ఇచ్చేది స్త్రీ కాదు, కాగితం. జగడాలు తగ్గినవి. స్త్రీల స్వభావం మారలేదు. వంటవాని స్వభావమూ మారలేదు. పని ఏర్పాటు మాత్రమే మారినది. "ఆడవాళ్ళు ఒత్తిడికి ఆగలేరు" అని చెప్పుకున్న విషయంలో కొంత భాగం ఏర్పాటులోని లోపమేనని దీనివల్ల తెలిసినది.

జతల పరీక్ష

ఉద్యోగం ఇచ్చేటప్పుడు పక్షపాతం చూపుతున్నారా అన్నది ఇంతకంటె కష్టమైన ప్రశ్న. ఒక పెద్ద హోటలులో సర్వర్లందరూ పురుషులే అయితే, స్త్రీలను నిరాకరించారని వెంటనే అనలేము. బహుశా స్త్రీలు దరఖాస్తు పెట్టలేదేమో! పెట్టినవారికి అనుభవం తక్కువేమో! ఈ కారణాలను వేరుచేయటం ఎట్లా?

మన ఉపాధ్యాయులకు ఒక పద్ధతి బాగా తెలుసు. పబ్లిక్ పరీక్షల జవాబు పత్రాలు దిద్దేవారికి విద్యార్థి పేరు కనబడనీయరు. పేరు తెలిస్తే కులమో, ఊరో, ఆడో, మగో తెలిసి, మార్కులమీద దాని నీడ పడుతుందని ఈ జాగ్రత్త. శాస్త్రజ్ఞులు దీనిని తిరగవేశారు. పత్రం ఒకటే ఉంచి, పేరు మారిస్తే ఏమవుతుంది? మార్కులు మారకపోతే దిద్దినవారు నిష్పక్షపాతులు. మారితే, ఆ మార్పుకు పేరు తప్ప వేరే కారణం లేదు. భౌతికశాస్త్ర ప్రయోగంలో మిగిలినవన్నీ స్థిరంగా ఉంచి ఒక్క రాశిని మాత్రమే మారుస్తాము గదా, ఇదీ అంతే. దీనినే జతల పరీక్ష అందాము.

డేవిడ్ న్యూమార్క్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞుడు ఫిలడెల్ఫియా నగరంలో ఇట్టి పరీక్ష చేయించి, 1996లో ఫలితాలు ప్రకటించారు. ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు, అందరూ కళాశాల విద్యార్థులే, 65 రెస్టారెంట్లలో సర్వరు పనికి దరఖాస్తులు ఇచ్చారు. ప్రతి రెస్టారెంటుకూ ఒక పురుషుని దరఖాస్తు, ఒక స్త్రీ దరఖాస్తు. అంటే మొత్తం 130. వాటిలో చూపిన అనుభవం, అర్హతలు సమానం. ఒకే రకం పత్రం ఎల్లప్పుడూ ఒకరి చేతిలోనే ఉండకుండా మార్చుతూ వచ్చారు. దరఖాస్తును మేనేజరుకు స్వయంగా ఇవ్వక, లోపల ముందుగా కనబడిన ఉద్యోగికి అందించి వచ్చేవారు. మాటతీరు, చనువు వంటివి తొలి ఎంపికను మార్చకుండా ఈ ఏర్పాటు. మొత్తం 54 ఇంటర్వ్యూలకు పిలుపులు, 39 ఉద్యోగాలు వచ్చినవి.

పదమూడింటిలో పదకొండు

రెస్టారెంట్లను ధరలనుబట్టి ఖరీదైనవి, మధ్యరకం, చౌకరకం అని మూడు తరగతులు చేశారు. ఖరీదైన వాటిలో వచ్చిన ఉద్యోగాలు 13. అందులో 11 పురుషులకే. చౌకరకం వాటిలో వచ్చినవి 10. అందులో 8 స్త్రీలకు.

ఇది కేవలం యాదృచ్ఛికం కావచ్చు గదా అని ఒక విద్యార్థి అడగవచ్చును. మంచి ప్రశ్న. గణితంతో చూద్దాము. ఖరీదైన రెస్టారెంటు యజమానికి స్త్రీపురుష భేదమే లేకపోతే, ప్రతి ఉద్యోగమూ నాణెం ఎగరవేసినట్లు ఇటో అటో పడాలి. నాణెం 13 సార్లు ఎగరవేస్తే ఏర్పడగల వరుసలు 8,192. వాటిలో సరిగా 11 బొమ్మలు పడేవి 78; 12 పడేవి 13; పదమూడూ బొమ్మలే అయ్యేది 1. మొత్తం 92. అంటే 11గాని అంతకు మించిగాని బొమ్మలు పడటం సుమారు 89 సార్లలో ఒకసారి మాత్రమే జరుగుతుంది. ఇది స్థూలమైన లెక్కే, ఎందుకంటే ఒకే రెస్టారెంటు ఇద్దరికీ ఉద్యోగం ఇవ్వవచ్చును. అయినా యాదృచ్ఛికం అనే మాట ఎంత బలహీనమో దీనివల్ల తెలుస్తుంది. చౌకరకం రెస్టారెంట్ల సంఖ్యకు ఇదే లెక్క కట్టండి. 1,024 వరుసలలో 56, అంటే సుమారు 18 సార్లలో ఒకసారి వస్తుంది. రుజువు అంత గట్టిది కాదు. న్యూమార్క్ గట్టిగా చెప్పినదీ ఖరీదైన రెస్టారెంట్లను గురించే.

ఇందులో అసలు సంగతి ఏమిటి? స్త్రీలకు పని దొరకలేదని కాదు, దొరికినది. కాని టిప్పు బిల్లులో నూటికి ఇంత అనే లెక్కన వస్తుంది. 100 డాలర్ల బిల్లు మీదా, 15 డాలర్ల బిల్లు మీదా వచ్చే టిప్పులు సమానం కావు. అదే కాళ్ళు, అదే నడక, అదే పళ్ళెం. రాబడి మాత్రం వేరు.

ఇదే పద్ధతితో న్యూయార్కు నగరంలోని ఖరీదైన రెస్టారెంట్లలో జాతిభేదాన్ని పరీక్షించారు. 2010లో ప్రకటించిన ఆ ఫలితాల ప్రకారం, తెల్లవారితో సమానమైన అర్హతలు చూపిన ఇతర జాతుల అభ్యర్థులకు ఉద్యోగం దొరికే అవకాశం, తెల్లవారికి ఉన్నదానిలో సగానికి కొంచెం మించి మాత్రమే.

టిప్పు దేనికి ఇస్తారు?

"మంచిగా వడ్డిస్తే మంచి టిప్పు వస్తుంది, తక్కువ వచ్చినదంటే వడ్డన బాగాలేదన్న మాట" అని సామాన్యుల నమ్మకం. మైకేల్ లిన్ అనే పరిశోధకుడు, మరొకరు కలిసి, అంతకు ముందు జరిగిన అనేక పరిశోధనల ఫలితాలను ఒకచోట చేర్చి, 2000లో ఒక లెక్క ప్రకటించారు. వడ్డన బాగున్నదని భోక్తలు ఇచ్చిన మార్కులకూ, వారు ఇచ్చిన టిప్పుకూ సంబంధం ఉన్నది కాని చాలా స్వల్పం. ఒక బల్లకూ మరొక బల్లకూ టిప్పులో కనబడే హెచ్చుతగ్గులలో, వడ్డన నాణ్యత వల్ల వచ్చేవి నూటికి 2 వంతులకన్న తక్కువే.

మిగిలిన 98 వంతులలో ఎన్నో విషయాలు చేరుతాయి. బిల్లు వెనుక నవ్వు ముఖం బొమ్మ గీసి ఇస్తే ఏమవుతుందని 1996లో ఇద్దరు పరిశోధకులు పరీక్షించారు. స్త్రీ గీసినప్పుడు టిప్పు పెరిగినది. పురుషుడు గీసినప్పుడు పెరగలేదు. బొమ్మ ఒకటే, చూసే కన్ను దానికి రెండు అర్థాలు కల్పించినది. స్త్రీ నవ్వటం సహజమనీ, పురుషుడు నవ్వితే వింత అనీ భోక్త ముందే నిర్ణయించుకొని కూర్చుంటాడు. అట్లా కోరిన వేళకు నవ్వటం కూడా ఒక శ్రమేనని ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రజ్ఞురాలు 1983లో ప్రకటించిన గ్రంథంలో వివరించారు.

జాతి విషయం ఇంకా తీవ్రమైనది. లిన్, ఆయన సహచరులు దక్షిణ అమెరికా రాష్ట్రాలలోని ఒక రెస్టారెంటులో టిప్పులు పరిశీలించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. ఇక్కడ దక్షిణ రాష్ట్రాలనగా, ఒకప్పుడు బానిసత్వం నడిచిన అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగం. భోక్తలు వడ్డనకు ఇచ్చిన మార్కులను లెక్కలో సరిచేసి చూసినా, నల్లజాతి సర్వర్లకు తెల్లజాతి సర్వర్లకన్న తక్కువ టిప్పు వచ్చినది. తెల్లజాతి భోక్తలే కాదు, నల్లజాతి భోక్తలు కూడా ఇట్లాగే ఇచ్చారు. కాబట్టి ఇది ఒక జాతికి మరొక జాతిమీద ఉన్న పగ మాత్రమే అనుకొనటానికి వీలు లేదు. సంఘంలో పాతుకుపోయిన విలువ కట్టే అలవాటు, దానివల్ల నష్టపోయేవారి చేతినుండి కూడా పని చేయిస్తుంది.

జీతం ఎవరు ఇస్తున్నారు?

ఇదంతా నాలుగు డాలర్ల తేడా అని తోసివేయరాదు. అమెరికాలో కనీస వేతన చట్టం 1938లో వచ్చినది. రెస్టారెంటు పనివారు మొదట దాని పరిధిలో లేరు. 1966 సవరణతో వారిని చేర్చారు. కాని టిప్పులను కనీస వేతనంలో సగం వరకు జమకట్టుకొనటానికి యజమానులకు అనుమతి ఇచ్చారు. టిప్పు తీసుకునే పనివారికి యజమాని తన జేబునుండి ఇవ్వవలసిన కనీస మొత్తం 1991 నుండి గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. కేంద్ర చట్టంలో ఈ అంకె నాటినుండి నేటివరకు కదలలేదు. సామాన్య కనీస వేతనం 2009 నుండి 7 డాలర్ల 25 సెంట్లు. మధ్య తేడా 5 డాలర్ల 12 సెంట్లు టిప్పులనుండి రావాలి. రాకపోతే యజమాని పూరించాలని చట్టం. చాలా రాష్ట్రాలు ఇంతకన్న ఎక్కువ ఇప్పిస్తున్నాయి. కాలిఫోర్నియా, వాషింగ్టన్, మిన్నెసోటా వంటి ఏడు రాష్ట్రాలలో ఇట్టి తగ్గింపు అసలు లేదు. అక్కడ టిప్పు పూర్తి వేతనానికి పైన వచ్చేది మాత్రమే.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో ఇప్పుడు తెలుస్తుంది. తగ్గింపు ఉన్నచోట సర్వరు వేతనంలో సగానికి పైగా నిర్ణయించేది యజమాని కాదు, అప్పుడే వచ్చి పోయే అపరిచితుడు. అతని మనసులోని మొగ్గు మరునాటి ఇంటి బియ్యం లెక్కలో చేరుతుంది.

చట్టం ఎంతవరకు పోగలదు?

ఉద్యోగాలలో జాతి, లింగభేదాలు చూపరాదని అమెరికాలో 1964లో చట్టం చేశారు. "మా ఖాతాదారులు స్త్రీలనే కోరుకుంటారు" అని పాన్ అమెరికన్ విమాన సంస్థ, విమానాలలో వడ్డించే పనికి పురుషులను నిరాకరించినది. 1971లో అప్పీలు కోర్టు ఈ వాదాన్ని త్రోసివేసినది. ఖాతాదారుల ఇష్టం సాకు కారాదని తేల్చినది.

ఫ్లోరిడా రాష్ట్రంలోని జోస్ స్టోన్ క్రాబ్ అనే ప్రసిద్ధ రెస్టారెంటు వ్యవహారం మరొకటి. అక్కడ 1986 మొదలు 1990 వరకు కొత్తగా చేరిన 108 మంది సర్వర్లూ పురుషులే. నల్లకోటు వేసుకున్న పురుషుడు వడ్డిస్తేనే పాతకాలపు యూరోపు దర్జా అని అక్కడి భావన. 2000లో అప్పీలు కోర్టు దీనిని విచారించినప్పుడు ఒక విషయం బయటపడినది. దరఖాస్తు పెట్టిన స్త్రీలే బహు కొద్దిమంది. ఎందుకు? అక్కడ మగవారినే తీసుకుంటారని ఊరంతా తెలుసు కనుక! పక్షపాతం తన సాక్ష్యాన్ని తానే చెరిపివేసుకునే తీరు ఇది. మొదట నిరాకరిస్తారు, తరువాత అడగటానికి ఎవరూ రారు, ఆపైన "ఎవరూ అడగలేదు, వారికి ఇష్టం లేదు" అంటారు.

మన దేశంలో కూడా ఇట్టి ప్రశ్న కోర్టుకు వచ్చినది. ప్రజలు మద్యం సేవించే చోట స్త్రీలను పనిలో పెట్టరాదని 1914 నాటి పంజాబు ఎక్సైజు చట్టంలో ఒక సెక్షను ఉండేది. అది ఢిల్లీలో అమలులో ఉన్నది. అనుజ్ గర్గ్ కేసులో మన సుప్రీంకోర్టు 2007లో ఆ సెక్షను చెల్లదన్నది. స్త్రీకి రక్షణ కల్పించటం ప్రభుత్వ ధర్మం. రక్షణ పేరుతో ఆమె ఉద్యోగాన్ని తీసివేయటం ధర్మం కాదని ఆ తీర్పు సారాంశం.

అయితే ఈ చట్టాలన్నీ యజమానిని పట్టుకోగలవు, భోక్తను పట్టుకోలేవు. తక్కువ టిప్పు ఇవ్వటం నేరం కాదు. వెయ్యిమంది భోక్తలు తలా కొంచెం తగ్గించి ఇస్తారు. ఏ ఒక్కరూ చట్టాన్ని మీరలేదు. ఏ ఒక్కరికీ తాము అన్యాయం చేసినట్లు తోచదు. కాని నెలాఖరుకు ఒక మనిషి వేతనం తగ్గినది. ఇట్టి నష్టం ఏ ఒక్క బల్ల దగ్గరా కంటికి కనబడదు. వెయ్యి బిల్లులు కూడినప్పుడే కనబడుతుంది. గణాంకశాస్త్రం లేకపోతే ఈ అన్యాయం ఉన్నదని కూడా మనకు తెలియదు. విరుగుడు కూడా భోక్తల మంచితనం మీద మాత్రమే ఆధారపడరాదు. షికాగో వంటగదిలో ఇనుప చువ్వ చేసినట్లుగా ఏర్పాటును మార్చాలి. వేతనం పూర్తిగా యజమానే ఇస్తే, ఒక్కొక్క బల్ల దగ్గర పడే మొగ్గు మనిషి కూటిని తగ్గించలేదు.

మన గ్రామాల టీకొట్లలో ఒకప్పుడు విరివిగా నడిచిన రెండు గ్లాసుల పద్ధతిని ఎరిగిన పాఠకులకు, తినే చోట మనిషికి విలువ కట్టటం ఒక్క అమెరికా జబ్బే కాదని వేరే చెప్పనక్కరలేదు. ఉపాధ్యాయులు తరగతిలో జతల పరీక్షను చిన్న ఎత్తున చేయించవచ్చును. ఒకే వ్యాసాన్ని రెండు ప్రతులు తీసి, ఒకదానిమీద అబ్బాయి పేరు, మరొకదానిమీద అమ్మాయి పేరు రాసి, సగం మంది విద్యార్థులకు ఒకటి, సగం మందికి మరొకటి ఇచ్చి మార్కులు వేయమనండి. ఎవరికి ఏది ఇవ్వాలో చీటీలు తీసి నిర్ణయించండి. రెండు సగటులూ నల్లబల్ల మీద రాయండి. తేడా వస్తే, అది యాదృచ్ఛికమా కాదా అని పైన చూపిన నాణెపు లెక్క వంటి ఆలోచనతో విద్యార్థులనే చర్చించనివ్వండి.